అనుమతి లేని జవాబులు

జీడిపేటలోని మా సైనిక ప్రవేశ శిక్షణ కేంద్రంలో ఒకప్పుడు జవాబు తెలిసి ఉండడం నేరమని చెబితే బయటివాళ్లు నమ్మరు. అక్కడేదో అరాచకం జరిగిందనుకుంటారు. అరాచకమేమీ లేదు. ప్రతి పనీ ఫైలు నడిపి, పైనుంచి అనుమతి తెచ్చుకుని, పద్ధతి ప్రకారమే చేశాం. నేనక్కడ లెక్కల మాస్టారిని. కాంట్రాక్టు మనిషిని కాబట్టి పద్ధతి మీద నాకు పర్మినెంటు వాళ్లకంటే ఎక్కువ గౌరవం ఉండేది.

సైన్యంలో చేరాలనుకునే పల్లెటూరి పిల్లలకు ఉచితంగా శిక్షణ ఇవ్వడం మా కేంద్రం పని. తెల్లవారగానే పరుగు, తర్వాత టిఫిను, ఆ తర్వాత రాతపరీక్షకు చదువు. మా వైపు పిల్లలకు పరుగు నేర్పనక్కర్లేదు. కొబ్బరితోటల్లో, జీడితోటల్లో నడక వచ్చిన దగ్గర్నుంచీ పరిగెడుతూనే ఉంటారు. వాళ్లను పడగొట్టేది రాతపరీక్షే. లెక్కలు, లాజిక్కు, జనరల్ నాలెడ్జి, పక్కపక్కన గీసిన బొమ్మల్లో వేరుగా ఉన్నదాన్ని కనిపెట్టడం, అన్నిటినీ కలిపి ఆప్టిట్యూడ్ పరీక్ష అంటారు.

పొన్నాన నీలవేణి అంతకుముందు ఏడాది ఆ పరీక్షలోనే పోయింది. చదవక కాదు. చదివిందంతా హాల్లో కూర్చునేసరికి కలగాపులగమైపోయేది. వాళ్లమ్మ పోలమ్మ కార్ఖానాలో జీడిపిక్కలు కొడుతుంది. పిక్కల రసం అంటీ అంటీ ఆవిడ వేళ్లు నల్లగా కమిలిపోయి ఉంటాయి. ఇంకో ఏడాది ఆగితే నీలవేణికి వయసు దాటిపోతుంది. ఈసారీ పోతే అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చోవడమే.

అందుకని ఆ పిల్ల ఒక పని చేసింది. కార్ఖానాలో పారేసిన జీడిపప్పు పెట్టెల అట్టలు తెచ్చి, పేకముక్కల్లాగా కత్తిరించి, ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు రాసుకుంది. బస్సులోనూ, పంపు దగ్గర బిందె నిండేలోపూ, అన్నం వార్చేటప్పుడూ తీసి తిప్పుకునేది. ప్రశ్న చూడడం, జవాబు మనసులో అనుకోవడం, తిప్పి సరిచూసుకోవడం. తప్పినవి పైన, వచ్చినవి అడుగున. పట్నాల్లో వీటిని ఫ్లాష్ కార్డులంటారు. నీలవేణి అట్టముక్కలనేది.

ఆ నెల మేం పెట్టిన నమూనా పరీక్షలో నీలవేణి మొదటి స్థానంలో వచ్చింది. మా ప్రత్యేకాధికారి మండపాక వైకుంఠరావుగారు ఆమెను తన గదికి పిలిపించారు. నన్నూ రమ్మన్నారు. ఆయన ఉద్యోగమంతా చేపల శాఖలో గడిచింది. అక్కడ చేసిన సేవకు గుర్తింపుగా ఆయన్ని సైనిక శిక్షణకు మార్చారు.

“అమ్మాయీ, నీ ఈ అనూహ్య పురోగతికి మూలకారణం ఏమిటో సవివరంగా తెలియజేయి” అన్నారు.

“ఏటీ లేదండి. అట్టముక్కలండి” అంది నీలవేణి, లంగావోణీ కొంగులోంచి కట్ట తీసి చూపిస్తూ.

ఆయన ఒక ముక్క తీసుకున్నారు. ప్రశ్న చదివారు. తిప్పారు. జవాబు చదివారు. మళ్లీ తిప్పారు. ఆయన ముఖంలో ఏదో వెలుగు కనిపించింది. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా కట్టంతా తిప్పుతూ కూర్చున్నారు. సాయంత్రం నన్ను పిలిచి, “మాస్టారూ, ఇంతటి మహత్తర సాధనం ఒక వ్యక్తి చేతిలో, ఎటువంటి పర్యవేక్షణా లేకుండా ఉండిపోవడం శోచనీయం. దీన్ని వ్యవస్థీకరించాలి” అన్నారు.

మా కేంద్రంలో దేన్నయినా వ్యవస్థీకరించడం పేరుతో మొదలవుతుంది. అట్టముక్క అంటే అగౌరవం, ఫ్లాష్ కార్డు అంటే పరాయిమాట. ఫ్లాష్ అంటే మెరుపు కాబట్టి, కార్డు అంటే పత్రం కాబట్టి, “మెరుపు పత్రం” అని స్థిరపరిచారు. మర్నాడే నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది. ‘ఇందుమూలముగా అభ్యర్థులకు తెలియజేయునది ఏమనగా, ఇకపై కేంద్రమునందు సమస్త విద్యాభ్యాసము మెరుపు పత్రముల ద్వారా మాత్రమే జరుపబడును. సొంతముగా తయారు చేసుకొనిన పత్రములు చెల్లవు.’

చెల్లని పత్రాలు కేంద్రం మొత్తంలో ఒక్కరి దగ్గరే ఉన్నాయి. నీలవేణి కట్టను వైకుంఠరావుగారు స్వయంగా తీసుకుని, అద్దాల పెట్టెలో పెట్టించి, ‘మాతృక – ముట్టరాదు’ అని బోర్డు రాయించి హాల్లో నిలబెట్టారు. జీడిపప్పు వాసనకు చీమలు బారులు కట్టాయి. పెట్టె చుట్టూ మందు చల్లించారు.

“మరి నాను దేంతో చదువుకోవాలండి?” అంది నీలవేణి.

“నీవు ఈ పథకానికి స్ఫూర్తిప్రదాతవు. తొలి విడత పత్రాలు నీకే అందజేయబడతాయి.”

“ఎప్పుడండి?”

“త్వరలో.”

పత్రాలు నిజంగానే త్వరలో వచ్చాయి. లామినేషన్ చేసినవి, చుట్టూ ఖాకీరంగు అంచు. ఒక వైపు ప్రశ్న ఉంది. రెండో వైపు కేంద్రం చిహ్నం, దాని కింద ‘తిప్పు – తెలుసుకో – దేశాన్ని గెలిపించు’ అనే నినాదం, దాని కింద వైకుంఠరావుగారి సందేశం ఉన్నాయి. జవాబుకు చోటు చాలలేదు. దాని మీద సమావేశం జరిగింది.

“ప్రశ్నా జవాబూ ఒకే పత్రం మీద ఉంటే అభ్యర్థి తిప్పి చూసేయడూ?” అన్నారాయన.

“అందుకోసమేనండి అవి” అన్నాను.

“అదే నేనూ అంటున్నాను. మరి నియంత్రణ ఏది? పైగా ఇది సైన్యానికి సంబంధించిన వ్యవహారం. ప్రశ్న ఎవరికైనా కలగవచ్చు, అది సహజం. జవాబు అలా కాదు. అది గోప్యమైన వస్తువు.”

జవాబులను విడిగా ముద్రించి ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన జంధ్యానికి కట్టుకున్నారు. జవాబు కావలసిన అభ్యర్థి నాకు దరఖాస్తు పెట్టుకోవాలి. నేను సిఫారసు చేస్తే గుమాస్తా పరిశీలిస్తాడు. గుమాస్తా పరిశీలించాక ప్రత్యేకాధికారి మంజూరు చేస్తారు. మంజూరైన వాళ్లను వరసలో నిలబెట్టి బీరువా ముందు జవాబు దర్శనం చేయించేవాళ్లం. అప్పటికి చాలామంది ప్రశ్న మరిచిపోయి ఉండేవారు. ప్రశ్న కోసం మళ్లీ వేరే దరఖాస్తు పెట్టుకునేవారు.

ఆ తర్వాత వైకుంఠరావుగారికి ఇంకో సందేహం కలిగింది. మెరుపు అంటే క్షణం. పత్రాన్ని క్షణం కంటే ఎక్కువసేపు చూస్తే అది మెరుపెలా అవుతుంది? అలా చూడకుండా కట్టడి చేసే పనిని రిటైర్డ్ హవల్దార్ గురువులుగారికి అప్పగించారు. పిల్లలను పరుగెత్తించేది ఆయనే. నిక్కచ్చి మనిషి. ఏ పని చెప్పినా ఎందుకని అడగరు, ఎలాగని మాత్రమే అడుగుతారు. రెండు రోజుల్లో కవాతు తయారైంది.

“పత్రం... ఎత్త్!” అని ఈల వేసేవారు. చేతులన్నీ ఒక్కసారి లేచేవి.

“పత్రం... తిప్ప్!” చిహ్నం కనిపించేది.

“పత్రం... దించ్!” చేతులన్నీ తొడలకు అంటుకునేవి.

లెక్కల పీరియడు కూడా కవాతుకే ఇచ్చారు. “నా సర్వీసులో తుపాకీని కూడా ఇంత అందంగా ఎవులూ తిప్పలేదు మాస్టారూ” అన్నారు గురువులుగారు ఒకరోజు, నిజంగానే కళ్లు చెమర్చి. ఆ మాట కాదనడానికి లేదు. గోడ బయట నిలబడి ఊళ్లోవాళ్లు కూడా చూసేవారు.

పరీక్ష దగ్గరపడుతోంది. నీలవేణి కవాతులో చివరి వరసలో నిలబడి చేతులు ఎత్తుతూ దించుతూ ఉండేది. పెదాలు మాత్రం కదులుతుండేవి. అద్దాల పెట్టెలోకి పోయిన కట్ట అప్పటికే సగం ఆమె నోటికి వచ్చేసి ఉందన్న సంగతి ఉత్తర్వు రాసినప్పుడు మాకెవరికీ తట్టలేదు.

నేరం నా క్లాసులోనే జరిగింది. వారానికి ఒక గంట మిగిలిన క్లాసది. ఒక మనిషి ఒక పనిని ఇన్ని రోజుల్లో, ఇంకో మనిషి అన్ని రోజుల్లో చేస్తే ఇద్దరూ కలిసి ఎన్ని రోజుల్లో చేస్తారనే ప్రశ్న పత్రం చదివి వినిపించి, జవాబు కోసం దరఖాస్తులు రాయమన్నాను. అందరూ తలలు వంచి రాస్తున్నారు.

“ఆరు రోజులండి” అంది నీలవేణి.

అదే సమయానికి వైకుంఠరావుగారు వరండాలో పర్యవేక్షణకు వస్తున్నారు. గుమ్మంలో ఆగిపోయారు.

“ఆ జవాబు ఈమెకు ఎవరు మంజూరు చేశారు?”

ఎవరూ చేయలేదు. ఆయన గబగబా వెళ్లి బీరువా తెరిచి చూశారు. ఆ ప్రశ్నకు జవాబు పత్రం తన చోట భద్రంగానే ఉంది, సీలు కూడా చెక్కుచెదరలేదు. అది ఇంకా ప్రమాదకరంగా తోచింది ఆయనకు. జవాబు బీరువాలోనూ ఉంది, బయటా ఉంది.

ఆ సాయంత్రమే నీలవేణికి మెమో అందింది. ‘సంస్థకు చెందిన జవాబును అనుమతి లేకుండా అక్రమముగా కలిగియున్నందున మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపవలెను.’ మర్నాడు విచారణ. వైకుంఠరావుగారు అధ్యక్షులు, నేను సభ్యుణ్ని, భద్రత తరఫున గురువులుగారు. సంరక్షకురాలి హోదాలో పోలమ్మను కూడా పిలిపించారు. పనిలోంచి లేచి వచ్చింది పాపం, నల్లటి చేతులు కొంగులో దాచుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

“ఆరు అనే జవాబు నీ వద్ద ఎక్కడ ఉన్నది?” అన్నారు వైకుంఠరావుగారు.

“బుర్రలో ఉందండి” అంది నీలవేణి.

“ఎంతకాలంగా ఉన్నది?”

“అప్పుడే వచ్చిందండి. లెక్క చేస్తే వచ్చింది.”

“లెక్క చేయడానికి అనుమతి ఉన్నదా?”

నీలవేణి నా వైపు చూసింది. నేను నిబంధనల పుస్తకం వైపు చూశాను. లెక్క చేయడం గురించి అందులో ఏమీ లేదు.

పోలమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. “బాబూ, మా పిల్ల ఏటి దొంగతనం సేసిందండి?”

“జవాబమ్మా.”

“ఎవులి దగ్గర?”

“ఎవరి దగ్గరా కాదు. ఆమె బుర్రలోనే పట్టుబడింది.”

“దాని బుర్రలోది దాందే గదా బాబూ. దొంగసొత్తు ఎలగవుద్ది?”

“అమ్మా, భావోద్వేగాలకు ఇక్కడ తావు లేదు. ఈమె బుర్రలో ఆరు ఒక్కటే ఉన్నదో, ఇంకా ఎన్ని ఉన్నవో ఎవరికి తెలుసు? అడుగు నీ కూతురిని.”

“ఇంకా ఉన్నాయేటే?” అని అడిగింది పోలమ్మ భయంగా.

“శానా ఉన్నాయమ్మా” అంది నీలవేణి తలవంచుకుని.

వైకుంఠరావుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కేంద్రం నుంచి తీసేయాలన్నది ఆయన మొదటి ఆలోచన. తీసేస్తే జవాబులన్నీ ఆమెతో పాటే బయటికి పోతాయని గురువులుగారు గుర్తుచేశారు. ఆర్మీలో అయితే ముందు మందుగుండు అప్పగించమంటారని, శిక్ష ఆ తర్వాతని చెప్పారు. అది సబబుగా తోచింది. బుర్రలో ఉన్న జవాబులన్నీ, వాటికి సంబంధించిన ప్రశ్నలతో సహా, ఒక్కటీ దాచకుండా కాగితాల మీద రాసి సంస్థకు అప్పగించాలని తీర్పు చెప్పారు. అది పూర్తయ్యేవరకు ఆమె కవాతుకు అనర్హురాలు.

నీలవేణిని వరండాలో బల్ల వేసి కూర్చోబెట్టి తెల్లకాగితాలు ఇచ్చారు. పొద్దున్నించి సాయంత్రం వరకు గుర్తున్న ప్రతి ప్రశ్నా రాసి, కింద జవాబు రాసి నాకు అప్పగించేది. నిన్న తట్టనివి ఇవాళ తట్టేవి. అవి కూడా అప్పగించమనేవారు వైకుంఠరావుగారు. దాచినట్టు తేలితే మళ్లీ మెమో.

స్వాధీనమైన సరుకును తనిఖీ చేసే పని నాది. మొదటిరోజే కొన్ని తప్పు జవాబులు తగిలాయి. ఏం చేయమంటారని అడిగాను.

“తప్పు జవాబులు సంస్థవి కావు. వాటిని మనం ఉంచుకుంటే అభియోగం మన మీదికి వస్తుంది. తిరిగి ఆమెకే ఇచ్చేయండి. ఎందుకు తిరస్కరిస్తున్నామో కారణం కూడా వివరంగా తెలియజేయండి.”

నేను ఉత్తర్వును తు.చ. తప్పకుండా పాటించాను. వరండాలో నీలవేణి పక్కన కూర్చుని, ఒక్కో తప్పు జవాబూ తిరిగి ఇచ్చేస్తూ, అది ఎందుకు తప్పో, ఎక్కడ గాడి తప్పిందో సుద్దముక్కతో గచ్చు మీద వేసి మరీ వివరించేవాడిని. ఆమె సరిచేసి మళ్లీ అప్పగించేది. కేంద్రంలో చేరిన దగ్గర్నుంచీ నేనంత పాఠం ఎవరికీ చెప్పి ఉండను.

మైదానంలో ఎండలో చేతులెత్తుతున్న పిల్లలు ఇదంతా చూస్తూనే ఉన్నారు. ఒకరోజు సీపాన దాలినాయుడు అనే కుర్రవాడు వరసలోంచి బయటికొచ్చి ప్రత్యేకాధికారి గది ముందు నిలబడ్డాడు. పరుగులో అందరికంటే ముందుండేవాడు, లెక్కల్లో అందరికంటే వెనక.

“సార్, నేనూ తప్పు చేసినానండి. నా దగ్గర కూడా ఉన్నాయి.”

“ఏమున్నవి?”

“పదమూడో ఎక్కం మొత్తం ఉందండి. రాజధానులు కూడా కొన్ని ఉన్నాయి.”

“ఇన్నాళ్లూ ఎందుకు దాచావు?”

“భయమేసి దాచీసినానండి.”

వాడికీ మెమో, వాడికీ బల్ల, వాడికీ కాగితాలు. నిజానికి పదమూడో ఎక్కం వాడికి సగం వరకే వచ్చు. అప్పగించడానికి కూర్చున్నాక మిగతా సగం నా దగ్గర నేర్చుకుని మరీ అప్పగించాడు. మర్నాడు ఇంకొందరు వచ్చారు. వారం తిరిగేసరికి వరండా నిండిపోయి, వేపచెట్టు కింద కూడా బల్లలు వేయవలసి వచ్చింది. ఒకళ్ల జవాబు తప్పితే పక్కవాళ్లు, “అది సొత్తు కాదే, ఇలగియ్యి, సరిచేసి ఇద్దాం” అని చెప్పుకునేవారు.

వైకుంఠరావుగారి సంతోషానికి మేర లేదు. పట్టుబడిన జవాబుల వివరాలు ఏ వారానికావారం రాజధానికి పంపారు. ఇంత భారీ ఎత్తున అక్రమ పరిజ్ఞానం వెలికితీసిన కేంద్రం రాష్ట్రంలో మరొకటి లేదని అక్కడినుంచి ప్రశంస వచ్చింది. ఇంకో రెండు బీరువాలు మంజూరయ్యాయి.

ఇక పరీక్ష రోజు. మా పిల్లలందరూ ఒకే బస్సులో జిల్లా కేంద్రానికి వెళ్లి రాసి వచ్చారు. ఫలితాలు వచ్చినప్పుడు వరండావాళ్లందరూ పాసయ్యారు. దాలినాయుడు పాసయ్యాడు. నీలవేణి జిల్లాలోనే మొదటి వరసలో ఉంది. కవాతు దళం నుంచి, అంటే ఒక్క మచ్చ కూడా లేని క్రమశిక్షణ గల అభ్యర్థుల నుంచి, ఎవరూ గట్టెక్కలేదు. హాల్లో వాళ్లంత నిటారుగా కూర్చున్నవాళ్లు మాత్రం ఇంకెవరూ లేరని ఇన్విజిలేటరు చెప్పాడట.

పరుగు పరీక్ష కూడా నీలవేణికి నల్లేరు మీద నడకే అయింది. ఇక కాగితాల తనిఖీ మిగిలింది. దానికి చదువుకున్న సంస్థ నుంచి సత్ప్రవర్తన ధ్రువపత్రం తీసుకెళ్లాలి. నీలవేణి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. పోలమ్మ ఆ రోజు పనికి వెళ్లలేదు. వైకుంఠరావుగారికని జీడిపప్పు పొట్లం తెచ్చింది.

ఆయన ఆప్యాయంగా అభినందించారు. ధ్రువపత్రం మాట ఎత్తగానే ముఖం బరువెక్కింది.

“అమ్మాయీ, నీ మీద ఒక అభియోగం పెండింగులో ఉన్నది. జవాబులన్నీ అప్పగించినట్లు నీవు సంతకం చేశావు. అవునా?”

“అవునండి.”

“ఒక్కటీ మిగుల్చుకోలేదన్నావు. అవునా?”

“అవునండి.”

“మరి అన్నీ అప్పగించినదానివి పరీక్షలో ఏ జవాబులు రాశావు?”

“జవాబులు రాయకుండా పాసెలగవుతారండి?” అంది నీలవేణి.

“నీ విజయానికి ఈ సంస్థ గర్విస్తున్నది. అదే సమయంలో నీ విజయమే నీ నేరానికి సాక్ష్యంగా నిలిచింది. నేను నిస్సహాయుణ్ని.”

నీలవేణి కళ్లలో నీళ్లు రాలేదు, నిప్పులు వచ్చాయి. “మా యమ్మ సేతులు సూడండి సార్” అంది. పోలమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. “అప్పగించమన్నారు, అప్పగించినాను. రాయమన్నారు, రాసినాను. సోమవారం కాయితాలు సూపించకపోతే నా పేరు కొట్టేస్తారు. మరి నానేటి సెయ్యాలి?”

వైకుంఠరావుగారు నిజంగానే బాధపడ్డారు. చెడ్డవాడు కాదాయన. ఆ పిల్లకు ఉద్యోగం రావాలని ఆయనకూ ఉంది. ఫైలు అడ్డం వచ్చింది, అంతే. అప్పుడు నా పక్కన నిలబడి ఉన్న గురువులుగారు గొంతు సవరించుకున్నారు.

“సార్, మా ఆర్మీలో అనుమానమున్న చోటల్లా సోదా చేస్తాం. ఏటీ దొరక్కపోతే ‘క్లియర్’ అని రాసేస్తాం. ఈ పిల్ల బుర్ర కూడా అలగే సోదా చేసి రాసేస్తే సరిపోద్ది కదండీ?”

వైకుంఠరావుగారి ముఖం విప్పారింది. అప్పటికప్పుడు ప్రశ్న పత్రాల కట్ట తెప్పించారు. నీలవేణిని ఎదురుగా నిలబెట్టారు. నేను సాక్షిని.

“ఏడు తొమ్మిదులు ఎంత?”

“అర...” అనబోయింది నీలవేణి. గురువులుగారు గట్టిగా దగ్గారు. ఆమె ఆయన వైపు చూసింది, తల్లి వైపు చూసింది. “తెలీదండి” అంది.

“త్రిభుజానికి భుజాలెన్ని?”

“తెలీదండి.”

“దేశ రాజధాని?”

“తెలీదండి.”

పోలమ్మ నోరు తెరిచి, “అదేటే, ఢిల్లీ గదా...” అనబోయింది. నేను ఆవిడకు మంచినీళ్లు ఇచ్చాను.

వైకుంఠరావుగారు ఒక్కో పత్రమూ అడుగుతున్నకొద్దీ ఉత్సాహం పుంజుకున్నారు. నెలకు ఎన్ని వారాలో తెలియదు. సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడో తెలియదు. ఆవుకు కాళ్లెన్నో తెలియదు. కట్ట పూర్తయింది. ఆయన తృప్తిగా నిట్టూర్చి, లాంఛనంగా అడిగారు.

“నీ పేరేమిటి?”

నీలవేణి ఆగిపోయింది. “అది తెలుసండి. ఉంచుకోవచ్చాండి?”

ఆయన నా వైపు తిరిగారు. బీరువాల్లో ఆ జవాబు లేదని చెప్పాను. కాసేపు ఆలోచించి, ఉంచుకోవచ్చన్నారు.

“సరే. ఇక ఆఖరి ప్రశ్న. ఇన్ని నెలలు ఈ కేంద్రం నిర్వహించిన మెరుపు పత్రాల పథకం ద్వారా నీవు ఏమి నేర్చుకున్నావు?”

“ఏటీ లేదండి” అంది నీలవేణి. అన్ని జవాబుల్లోకీ అదొక్కటే తడుముకోకుండా చెప్పింది.

“నిర్దోషి” అన్నారు వైకుంఠరావుగారు, కలం తీసి.

ధ్రువపత్రం ఆయన స్వదస్తూరీతో ఇలా ఉంది: ‘పై అభ్యర్థినిని కూలంకషముగా పరీక్షించగా, ఆమెకు ఏమియు తెలియదని సంతృప్తి కలిగినందున, సత్ప్రవర్తన కలదని ధ్రువీకరించడమైనది.’ నీలవేణి అది చదివి నా వైపు చూసింది. మారుమాట్లాడకుండా తీసుకోమని సైగ చేశాను.

సోమవారం ఆమెకు తోడుగా గురువులుగారు వెళ్లారు. కాగితాలు చూసే అధికారి ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. ధ్రువపత్రం అటూ ఇటూ తిప్పి, ఇందులో ఏం రాసి ఉందని హవల్దారును అడిగాడట. గురువులుగారు బూట్లు తాటించి సెల్యూట్ చేసి, “ఎదురు ప్రశ్న వెయ్యదు, చెప్పింది చేస్తుంది అని రాశారు సార్” అని హిందీలో చెప్పారట. అధికారి బహు సంతోషించి ముద్ర గుద్దేశాడు.

నీలవేణి శిక్షణకు బయలుదేరిన రోజు స్టేషనుకు నేనూ వెళ్లాను. పోలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని రైలు కదిలేవరకూ ఒకటే మాట చెప్పింది. “ఇక్కడ సెప్పినట్టు సెప్పకే తల్లీ. అక్కడ ఆళ్లేటడిగినా తెలుసనే సెప్పు.” నీలవేణి నవ్వుతూనే ఉంది. రైలు మలుపు తిరిగాక పోలమ్మ ప్లాట్‌ఫారం మీదే కూలబడి ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీదుకుని లేచి, పనికి టైమైపోయిందని పరిగెత్తింది.

ఫలితాల మీద రాజధాని మమ్మల్ని నివేదిక అడిగింది. వైకుంఠరావుగారు గది తలుపులు వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పాసైనవాళ్లకూ ఫెయిలైనవాళ్లకూ తేడా ఏమిటని ఎంతో శాస్త్రీయంగా పరిశీలించారు. మెరుపు పత్రాలు ఇద్దరికీ ఒకటే. తిండి ఒకటే. పరుగు ఒకటే. ఒక్కచోటే తేడా తేలింది. పాసైన ప్రతి ఒక్కరికీ మెమో ఇచ్చి ఉన్నాం. ఫెయిలైన ఏ ఒక్కరికీ ఇవ్వలేదు.

“మాస్టారూ, మనం ఇన్నాళ్లూ సాధనాన్ని పొరపాటుగా గుర్తించాం” అన్నారాయన గంభీరంగా.

పత్రాల పథకం రద్దయింది. ఆ ఏడాది చేరిన కొత్త పిల్లలకు ప్రవేశం రోజే తలా ఒక మెమో ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. చేరినవాళ్లు ఎక్కువ, అచ్చువేసిన మెమోలు తక్కువ. మొదటిరోజు వరస చివరికి వచ్చేసరికి కాగితాలు అయిపోయాయి. సాయంత్రం నేను గదికి తాళం వేస్తుంటే కొత్తగా చేరిన ఒక అమ్మాయి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏమైందమ్మా అని అడిగాను.

“అందరికీ మెమోలిచ్చేసినారండి” అంది కళ్లు తుడుచుకుంటూ. “నాకొక్కదానికే ఇవ్వలేదు. నానేటి తప్పు చేసినానండీ?”